గొంతు సాక్షి

మా అన్న పోలయ్య నాకు చేసిన అన్యాయం గురించి మా ఏటిమిట్టలో తలా ఒక రకంగా చెప్పుకుంటారు. గట్టు జరిపాడని ఒకడంటాడు, నాయన సొమ్ము దాచాడని ఇంకొకడంటాడు. రెండూ కాదు. పోలయ్య నా గొంతు మార్పించాడు. నేను ఆసుపత్రి బల్ల మీద మెడ కోయించుకుని పడి ఉంటే, అద్దం అవతల చెవులకు తొడుగులు పెట్టుకుని కూర్చుని, "ఇదే మా తమ్ముడి గొంతు" అని డాక్టర్లకు చెప్పాడు. కాదని వాడికి తెలుసు. తెలిసే చెప్పాడు.

మాది బాతుల బతుకు. కోతలైన మళ్ళలో రాలిన వడ్లు, నత్తలు ఏరుకు తినడానికి బాతుల్ని ఊరి నుంచి ఊరికి తోలుకుపోతాం. పొద్దుగూకితే గట్టు మీద వలతో దడి కట్టి అందులోకి తోలుతాం. తెల్లారి దడి విప్పితే గడ్డి నిండా గుడ్లు. ఆ వెచ్చటి గుడ్లు పంచె ఒడిలో పోసుకున్నప్పటి సుఖం నాకు బడిలో ఏనాడూ దొరకలేదు. అయిదో తరగతిలో ఉండగా మా నాయన రోశయ్య బడి గుమ్మం ముందు నిలబడి, "అయ్యోరూ, మావోణ్ణి పంపీండి, బాతులు ఎక్కువైనయ్" అన్నాడు. నా చదువు అంతటితో సరి. నేను ఏడవలేదు. పలక అక్కడే వదిలేసి పరిగెత్తాను.

మా నాయన బక్కపల్చటి మనిషి. గొంతు మాత్రం వంటికి సరిపోయేది కాదు, పెద్దది. "ద్దా... ద్దా... ద్దా... హోయ్" అన్నాడంటే మూడు మళ్ళ అవతల బాతుల మెడలు లేచేవి. మధ్యాహ్నం అదే గొంతుతో, సద్దిమూట విప్పుకుంటూ, "ఒరే పోలిగా! బువ్వకు రారా!" అని కేకవేసేవాడు. పోలయ్య ఎక్కడో కాలవలో ఈదుతూ ఉండేవాడు. తడి బట్టలతో పరిగెత్తి వచ్చేవాడు. నాయన తువ్వాలుతో వాడి తల తుడిచి అప్పుడు ముద్ద పెట్టేవాడు. నన్ను ఎప్పుడూ పిలవలేదు. నేను పక్కనే ఉండేవాణ్ణి. పక్కనే ఉన్నవాణ్ణి ఎవరు పిలుస్తారు?

బాతులవాళ్ళలో ఒక పద్ధతి ఉంది. రెండు మందలు కలిసిపోతే రంగులూ గుర్తులూ చూసుకునే తగువు పెట్టుకోరు. ఒకాయన ఈ గట్టు మీద, ఇంకొకాయన ఆ గట్టు మీద నిలబడి పిలుస్తారు. ఏ గొంతుకు ఏ బాతు నడిచి వస్తే అది ఆయనది. కర్ర ఊపకూడదు, డబ్బా కొట్టకూడదు, నూకలు చల్లకూడదు. నూకలు చల్లితే ఎవరి బాతైనా వస్తుంది. గొంతు ఒక్కటే సాక్ష్యం. అలా పిలిచి విడదీసుకున్నాక ఇద్దరూ ఒకే బీడీ కాల్చుకుని ఎవరి దారిన వాళ్ళు పోతారు.

పోలయ్యకు ఈ పని పడలేదు. పెళ్ళయ్యాక, నాయన ఊళ్ళో లేని రోజు చూసి, సగం మందను మాంసానికి కొనేవాళ్ళ లారీకి ఎక్కించి, ఆ డబ్బు రొయ్యల గుంటలో వాటా పెట్టాడు. గుంటకు తెగులు తగిలి మొత్తం పోయింది. నాయన డబ్బు గురించి ఒక్క మాట అనలేదు. "నా గొంతు నమ్మి వచ్చే జీవాల్ని లారీ ఎక్కించినావే. నా గడప తొక్కబాక" అన్నాడు. పోలయ్య తొక్కలేదు. ఆ తర్వాత ఏ మధ్యాహ్నమూ మా గట్టు మీద ఆ కేక వినపడలేదు. నాయన సద్దిమూట విప్పేవాడు, కాలవ వైపు ఒకసారి చూసేవాడు, తల వంచుకుని తినేవాడు. చివరికి ఆ గట్టు మీదే కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. పోలయ్య కబురు విని పరిగెత్తి వచ్చేసరికి చితి పేర్చి ఉంది.

నాయన పోయాక మందకు నేనే గొంతు. నాయనంత పెద్దది కాదు. కాస్త బొంగురు, చివర్లో చీలిపోయేది. అయినా నా బాతులకు అదే లోకం. నా పిలుపుకు రోడ్డు దాటేవి, కాలవ దాటేవి. ఆవలి గట్టున ఇంకెవరు ఎంత అరిచినా కన్నెత్తి చూసేవి కావు.

అలాంటిది ఒక వానాకాలం నాకు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది, గొంతు తిరిగి రాలేదు. నోరు తెరిస్తే గాలి. నీళ్ళు తాగితే పొలమారేది. బాతుల్ని నా భార్య కామాక్షి డబ్బా కొట్టుకుంటూ తోలేది. ఊళ్ళో డాక్టరు మందులు ఇచ్చీ ఇచ్చీ విసుగుపుట్టి, హైవే పక్కన కొత్తగా గొంతుల పరిశోధన చేసేచోటు పెట్టారు, ఉచితంగా చూస్తారు, పొమ్మన్నాడు.

అక్కడి పెద్ద డాక్టరు ఇందుమతి. సన్నటి తీగ ఒకటి నా ముక్కులోంచి గొంతులోకి దించింది. దాని చివర నీలం దీపం. ఆ యంత్రానికి పొడుగాటి పేరేదో ఉంది, అక్కడి పనివాళ్ళందరూ నీలిదీపం అనేవాళ్ళు. గోడ మీద తెరలో నా గొంతు కనపడింది. లోపల రెండు తెల్లటి రెప్పలు. ఒకటి కదులుతోంది, ఇంకొకటి చచ్చినట్టు పడి ఉంది.

"రెండు రెక్కల తలుపు అనుకో మాల్యాద్రీ," అందామె. "ఒక రెక్క నరం చచ్చి ఇరుక్కుపోయింది. ఇంకో రెక్క ఒంటరిగా కొట్టుకుంటోంది. రెండూ తాకితేనే గొంతు. కదలని రెక్క వెనక చిన్న బిళ్ళ పెట్టి మధ్యకు నెడతాం. ఆ బిళ్ళకు మర ఉంటుంది."

"ఇది అన్ని ఊళ్ళలోనూ చేస్తారంటగదమ్మా" అని పోలయ్య అడిగాడు. నాకు మాట లేదు గనక నా తరఫున వాడు వచ్చాడు. ఎన్నో ఏళ్ళకు మా ఇంటి పని మీద వాడు రావడం అదే మొదలు.

"చేస్తారు. ఏదో ఒక గొంతు వస్తే చాలనుకుంటారు. ఈ దీపం వేరు. లోపలి కండ బరువు, బిగువు, మందం అన్నీ చూసి, బిళ్ళ ఎక్కడుంటే ఏ గొంతు వస్తుందో ముందే వినిపిస్తుంది."

ఆమె తెర మార్చింది. నాకు మా మళ్ళు గుర్తుకొచ్చాయి. గట్లు వేసినట్టు గళ్ళు గళ్ళుగా ఒక పటం. కొన్ని పచ్చగా, కొన్ని పసుపుగా, కొన్ని బీడులా బూడిద రంగులో. ఒక్కొక్క గడి ఒక్కొక్క గొంతు అట. ఇన్ని గొంతులు ఒక మెడలో ఉంటాయని నాకు తెలీదు.

చిక్కు ఒక్కటే. అందులో నాది ఏదో యంత్రానికి తెలియదు. పాత మాట ఏదైనా ఉంటే ఇమ్మన్నారు. నాది బటన్ల ఫోను. కామాక్షి ఫోనులో ఒక వీడియో ఉంది గాని, ఎనిమిది వందల బాతుల గోలలో నేను ఉన్నట్టే తెలియదు. మరయితే నీ గొంతు చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషిని సాక్షిగా కూర్చోబెట్టండి అన్నారు. కామాక్షి రావాలి. వస్తే మందను ఎవరు చూస్తారు?

"నేను కూసుంటా," అన్నాడు పోలయ్య. "వీడు పుట్టినప్పటి ఏడుపు కూడా ఇన్నోణ్ణి."

సాక్షి ఒకసారి ఇదే అన్నాక మర బిగిస్తారు. ఏడాది లోపలైతే మళ్ళీ కదపొచ్చు. ఆ తర్వాత చుట్టూ కండ పట్టేస్తుంది, ఇక కదలదు. అది ముందే చెప్పారు.

మెలకువగా ఉంచే మెడకు మత్తిచ్చి కోశారు. నన్ను "ఈ..." అనమన్నారు. అన్నాను. డాక్టరమ్మ మర తిప్పేది, మళ్ళీ "ఈ..." అనమనేది. నా గొంతు నాకు ఎముకల్లోంచి వినపడుతుంది, అందుకే తేడా తెలియలేదు. గాలి పోయి మాట వచ్చిందన్న సంబరం ఒక్కటే తెలుసు. కాసేపటికి అద్దం అవతల నుంచి "ఇదే, ఇదే" అని అరుపు. మర బిగిసింది. తెర మొత్తం పచ్చగా ఉంది, రెండు రెప్పలూ చక్కగా తాకుతున్నాయని అక్కడివాళ్ళు చప్పట్లు కొట్టారు.

మాట్లాడొచ్చన్న రోజు కామాక్షికి ఫోను చేశాను.

"కామాక్షీ, నేను."

అవతల నుంచి బాతుల అరుపు మాత్రం వినపడుతోంది.

"నేనే. మాట వచ్చింది."

"...ఎవురు?" అంది. తర్వాత ఇంకా చిన్నగా, "మావా?" అంది. ఫోను కట్టయింది.

నాకు అర్థం కాలేదు. డాక్టరమ్మ దగ్గరకు పోతే, ఆమె సంతోషంగా నా మాటను యంత్రంలో పట్టి నాకే వినిపించింది. మా నాయన. గట్టు మీద పోయిన మా నాయన ఆ పెట్టెలోంచి, "బాగుందమ్మా, శానా బాగుంది" అంటున్నాడు.

ఆసుపత్రి బయట టీ కొట్టు దగ్గర పోలయ్యను పట్టుకున్నాను.

"నా గొంతు ఇట్టా ఉంటదా అన్నా?"

వాడు గ్లాసులోకి చూస్తున్నాడు. "మొదట నీదే వచ్చిందిరా. గుర్తుపట్టినా. చెప్పబోతా ఉండా. ఆయమ్మ ఇంకాస్త మర తిప్పింది. నాయన వచ్చినాడు."

"వస్తే?"

"'ఈ' అన్నాడురా. అంతే. ఇంకో చుట్టు తిప్పితే పోతాడు గదా. నా నోరు నా మాట ఇనలా."

"నీకు నాయన కావాల్సి వస్తే నీ మెడ కోయించుకోవాల్సింది."

"నాకు అమ్మ గొంతు గదరా వచ్చింది," అన్నాడు పోలయ్య. నిజమే, వాడిది ఆడగొంతు. టీ కొట్టువాడు నవ్వాడు. పోలయ్య నవ్వలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ గొంతు నానుంచి వస్తుంటే, నేను తిట్టే తిట్లు కూడా వాడు చెవి ఒగ్గి వింటున్నాడు. అది గమనించాక నేను నోరు మూసుకున్నాను.

ఇంటికి వచ్చాను.

మా వైపు కోడలు మామ ఎదుట కూర్చోదు. మాటకు మాట చెప్పదు. ఆయన గొంతు వాకిట్లో వినపడితే చాలు, మంచం మీదున్నా లేచి తలుపు చాటుకు పోతుంది, కొంగు తల మీదకు లాక్కుంటుంది. కామాక్షి మా ఇంటికి వచ్చిన నాటి నుంచి నాయన పోయేదాకా అలాగే మెలిగింది. ఇప్పుడు నేను నోరు తెరిస్తే చాలు, ఆమె లేచి నిలబడుతోంది. తనకు తెలియకుండానే. పక్కన కూర్చుని వడ్లు చెరుగుతున్నదల్లా, "మంచినీళ్ళియ్యి" అంటే చేట కింద పడేసి కొంగు లాక్కునేది. తర్వాత తనను తానే తిట్టుకునేది.

"నువ్వే గదా అని ఎంత అనుకున్నా కాళ్ళు ఇనటల్లేదయ్యా."

"కాళ్ళకు నేను చెప్పనా?"

"చెప్పబాకండి," అంది. మునుపెన్నడూ నన్ను మీరు అనలేదు.

ఒకే మంచం మీద పడుకునేవాళ్ళం. ఒకనాడు చెయ్యి పట్టుకుని పేరు పెట్టి పిలిచాను. ఉలిక్కిపడి మంచం దిగిపోయింది. నేల మీద చాప పరుచుకుంటూ, "తప్పుగా అనుకోబాక. కళ్ళు మూసుకుంటే మావ కనపడతా ఉండాడు," అంది. నేను మాట్లాడటం తగ్గించాను. సైగలతోనే సంసారం. గొంతు లేనప్పుడు కూడా మేం ఇంత దూరంగా లేం. అప్పుడు గాలి మాటైనా నాదే.

బాతుల సంగతి ఆమె మంచం దిగడానికి నాలుగు రోజుల ముందే తేలిపోయింది. కామాక్షి డబ్బా చప్పుడుకు అలవాటుపడిన మందను నా దారికి తెచ్చుకుందామని గట్టెక్కి పిలిచాను. మెడలన్నీ లేచాయి. ఒక్క క్షణం నిలబడ్డాయి. తర్వాత, కొత్తవాడు కనపడితే బాతులు ఎలా పోతాయో అలా, ఒకే మూకగా తిరిగి ఉరికాయి. నాయన పిలుపు ఎరిగిన బాతులు ఏనాడో పోయాయి. వీటికి ఆ గొంతు ఎవరిదో తెలియదు. రెండు మళ్ళు దాటి, కాలవ దూకి, గురవయ్య మందలో కలిసిపోయాయి.

గురవయ్య మంచివాడు. నాయన సాటివాడు. పద్ధతి ప్రకారం ఆయన ఆవలి గట్టు మీద, నేను ఈవలి గట్టు మీద నిలబడ్డాం. కామాక్షి డబ్బా తీసింది.

"అమ్మాయ్, అది కింద పెట్టు," అన్నాడు గురవయ్య. "డబ్బాకు ఏ బాతైనా వస్తది. ఇది పెద్దల కాడ్నించి వస్తా ఉండే పద్ధతి."

పిలిచాను. "ద్దా... ద్దా... ద్దా... హోయ్." గురవయ్య ఆవలి గట్టు మీద బిగుసుకుపోయాడు. చేతిలో కర్ర జారింది. "రోశన్నా," అన్నాడు.

ఒక్క బాతు కూడా కదలలేదు.

మళ్ళీ పిలిచాను. మళ్ళీ. నాయన గొంతు కాలవ పొడుగునా పోయి తిరిగి వచ్చింది. గురవయ్యకు పిలవడానికి నోరు రాలేదు. ఆయన మెల్లగా నడిచిపోతే, రెండు మందలూ ఆయన వెనక నడిచాయి. కొంతదూరం పోయాక ఆగి, "సగం తోలుకు పోరా అబ్బయ్యా," అన్నాడు. "నా గొంతుకు రాని జీవాలు నాయి కాదు చిన్నాయనా," అన్నాను. కామాక్షి నా వైపు ఒకసారి చూసి, డబ్బా తీసుకుని ఇంటి దారి పట్టింది. ఆమెకూ తెలుసు ఆ మాట కాదనేది కాదని.

పోలయ్య రావడం మొదలుపెట్టింది ఆ తర్వాతే. మధ్యాహ్నం పూట వచ్చి మా వాకిలి బయట వేపచెట్టు నీడలో చతికిలబడేవాడు. గడప తొక్కేవాడు కాదు. తొక్కవద్దన్నవాడు పోయినా తొక్కేవాడు కాదు. చేపల పులుసు తెచ్చేవాడు. కామాక్షి తీసుకునేది. నేను ముట్టేవాణ్ణి కాదు.

"ఒరే మాల్యాద్రీ, ఒక్కసారి పిలువురా."

నేను వల కుట్టుకుంటూ ఉండేవాణ్ణి.

"నాయన పిలిచినట్టు. బువ్వకని. ఇంకేం అడగను."

వల కుట్టుకుంటూ ఉండేవాణ్ణి. ప్రపంచం మొత్తంలో వాడికి కావలసింది ఒకటే ఉంది, అది నా మెడలో ఉంది. ఇవ్వలేదు. వాడు ఉన్నంతసేపు దగ్గు వచ్చినా ఆపుకున్నాను.

కామాక్షి ఒకరోజు, "పిలిస్తే ఏం పోతది? అరిగిపోతావా?" అంది.

"నన్ను ఎవరు పిలిచారే?" అన్నాను. ఆమె లేచి నిలబడి కొంగు లాక్కుంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుని నవ్వాం. నవ్వు కూడా నాయనదే వచ్చింది. ఆమె నవ్వు ఆగిపోయింది.

నేను అబద్ధం చెప్పను. కొన్ని పూటలు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, తలుపులు వేసుకుని, చెవికి అరచెయ్యి దొప్పలా పెట్టుకుని నాయన మాటలు నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. బాతుకు జబ్బు చేస్తే వెల్లుల్లి నూరి ఎలా పట్టాలో. ఏ మబ్బు ఎటు పోతుందో. ఆ దొప్పలోకి వచ్చే మాట అచ్చంగా గట్టు మీద కూర్చున్నట్టే ఉండేది. ఎండ, బురద వాసన, నాయన తువ్వాలు నా కళ్ళకు కట్టేవి. ఒకసారి, "ఒరే మాల్యాద్రీ! బువ్వకు రారా!" అని కూడా అని చూశాను. అది మాత్రం ఎవరో కొత్తవాడు అన్నట్టు వినపడింది. ఆ గొంతు ఆ పేరు ఎప్పుడూ కేకపెట్టలేదు గదా. ఆ తర్వాత మళ్ళీ అనలేదు.

గడువు దగ్గరపడుతోంది. ఏడాది దాటితే ఈ గొంతుతోనే చావాలి. డాక్టరమ్మ దగ్గరకు పోతే, ఉచితంగా చూసే రోజులు అయిపోయాయంది. నీలిదీపాన్ని బయటి కంపెనీవాళ్ళెవరో కొనేశారట. రెండోసారి మర తిప్పాలంటే వాళ్ళకు కట్టాలి. ఆమె సిగ్గుపడుతూనే చెప్పింది. మొదటిసారి తప్పు సాక్ష్యం పడిందని కాగితం రాసి పంపిందట. సాక్షిని తెచ్చుకునే పూచీ రోగిదేనని జవాబొచ్చిందట.

పోలయ్యకు తెలిసి వచ్చాడు. "నా చేను అమ్ముతా. తప్పు నాది గదా."

"నువ్వు ఇచ్చిన గొంతు చాలు," అన్నాను. టీ కొట్టు దగ్గర తిట్టాక, ఆ ఏడాదిలో వాడితో నేను అన్న మాట అదొక్కటే.

నా వాటాకు వచ్చిన పొలం నేనే అమ్మాను.

ఈసారి సాక్షిగా కామాక్షి కూర్చుంది. తోలుకుపోవడానికి మంద లేదు గదా. నేనే వింటానంటే డాక్టరమ్మ వద్దంది. ఎవరి గొంతు వాళ్ళకు బయటి నుంచి తెలియదంది. అది నిజమని నాకు ముందే అనుభవమైంది. పోలయ్య కూడా వచ్చాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. వసారాలో బెంచీ మీద కూర్చున్నాడు.

మళ్ళీ మెడకు మత్తిచ్చి కోశారు. దీపం గొంతులోకి దిగింది. తెర మీద పటం వచ్చింది. డాక్టరమ్మ దాన్ని పెద్దది చేసి, మళ్ళీ చిన్నది చేసి చూసింది.

"మాల్యాద్రీ, కదలని కండ ఏడాదిలో బాగా ఎండిపోయింది. నువ్వు ఉన్న మడి..." అని ఆగి, వేలితో చూపించింది. పచ్చగా ఉండాల్సిన చోట బూడిద రంగు. "నీ పాత గొంతు ఇప్పుడు ఇందులో లేదు."

బల్ల మీద పడుకుని పైకప్పు చూశాను.

"ఉన్నవాటిల్లో చూసుకోవచ్చు. లేదా ఇప్పుడున్నదే ఉంచేయొచ్చు. ఇదే అన్నిటికంటే పచ్చగా ఉంది."

అద్దం అవతల కామాక్షి చెవులకు తొడుగులు పెట్టుకుని, కొంగు వాటి మీదుగా లాక్కుని కూర్చుంది. ఆమె మాటలు నాకు పైనున్న గొట్టంలోంచి వినపడుతున్నాయి. యంత్రం ఒక్కొక్క మడి వినిపిస్తోంది.

"ఇది మావ," అంది. "ఇదీ మావే. ఇది కోపంగా ఉండే మావ."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది.

"ఇదెవురో బస్సు కండక్టరు మాదిరి ఉండాడు. వద్దమ్మా. ఇది... అయ్యో, ఇది మా పోలయ్య బావ. ఆడగొంతు. వద్దొద్దు."

పటం అంచుల దాకా పోయారు. అక్కడ లేత పసుపు మడి ఒకటి ఉంది. కామాక్షి ఈసారి తొందరపడలేదు. మళ్ళీ వినిపించమంది. ఇంకోసారి వినిపించమంది.

"ఈయన ఎవురో నాకు తెలీదు," అంది. "కానీ మంచోడి మాదిరి ఉండాడు."

"మీ ఆయన గొంతులా ఉందా?"

"లేదమ్మా. మా ఆయన యాడా లేడు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఎవురైనా పర్లేదు. మావ కాకుంటే చాలు. కొత్తోడితోనే బతుకుతా. ఈయన్ని ఇయ్యండి."

డాక్టరమ్మ నా ముఖంలోకి చూసింది. కళ్ళతోనే సరే అన్నాను. ఆమె మర మీద పనిముట్టు ఆనించింది.

"తిప్పేముందు ఇప్పటి గొంతుతో ఒక మాట చెప్పాలి. పోల్చుకోవడానికి దాచుకుంటాం. ఏదైనా పర్లేదు, ఒకటి రెండు మూడు అన్నా చాలు. కాస్త గట్టిగా."

ఒకటి అనే అందామనుకున్నాను. ఎందుకు అలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. పోలయ్యను క్షమించి మాత్రం కాదు. మెడ కోసి ఉంది, వెల్లకిలా పడుకుని ఉన్నాను, ఎదురుగా దీపాల తెల్లటి వెలుగు మిట్టమధ్యాహ్నపు ఎండలా ఉంది. ఊపిరి నిండా పీల్చాను.

"ఒరే పోలిగా! బువ్వకు రారా!"

గది దద్దరిల్లింది. పనిముట్ల పళ్ళెం పట్టుకున్న అమ్మాయి వెనక్కి అడుగేసింది. అద్దం అవతల కామాక్షి లేచి నిలబడింది.

బయట వసారాలో బెంచీ కిర్రుమంది. పరిగెత్తిన అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగింది. తర్వాత అమ్మ గొంతులాంటి ఆ సన్నటి గొంతు, చిన్నపిల్లవాడి గొంతు, తలుపు అవతల నుంచి:

"వస్తా ఉండా నాయినా!"

డాక్టరమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత మర తిప్పింది.

ఇప్పుడు నా మెడలో ఉన్నవాడు నాకు పరిచయం లేని మనిషి. కాస్త నిదానస్తుడు. నేను తిట్టినా తిట్టులా ఉండదు. కామాక్షి మొదట్లో కొత్త పెళ్ళికూతురులా సిగ్గుపడింది, తర్వాత అలవాటుపడింది. మంచం మీద పక్కన కూర్చునే వడ్లు చెరుగుతుంది. "మీ ఆయన లేడా?" అని ఎవరైనా ఫోనులో అడిగితే, "ఉండాడు, ఒక మంచోణ్ణి ఇచ్చిపోయినాడు" అని ఎకసెక్కాలాడుతుంది. గురవయ్య గంపెడు బాతుపిల్లల్ని ఇచ్చాడు. ఈసారి తీసుకున్నాను. కళ్ళు తెరిచినప్పటి నుంచి ఈ గొంతే విన్నాయి గనక వాటికి ఇదే గొంతు. పిలిస్తే వస్తాయి. వాటి వైపు నుంచి ఏ లోటూ లేదు.

పోలయ్య మా వాకిట్లోకి మళ్ళీ రాలేదు. ఆ కేక యంత్రంలో ఉంది, కావాలంటే ఫోనులో వేసిస్తానని డాక్టరమ్మ వాడితో అన్నదట. "వద్దులేమ్మా. పిలిచినాడు, పలికినా" అని బస్సెక్కాడట. దారిలో ఎదురుపడితే తల వంచుకుని పోతాడు. నేనూ పిలవను. ఈ గొంతు వాడికి ఎందుకు?

కాలవ పక్క మళ్ళలోకి బాతుల్ని తోలినప్పుడు మాత్రం, నా పొలం దగ్గరకు వచ్చేసరికి చుట్టు తిరిగి పోతాను. కొన్నవాడు దాన్ని తవ్వి రొయ్యల గుంట చేశాడు. నాయన కూర్చునే గట్టు కూడా అందులోకే పోయింది. బాతుల గుడ్లమ్మి, ఏళ్ళ తరబడి కూడబెట్టి నాయన కొన్న నేల అది.

అమ్మింది రెండో ఆపరేషనుకు ముందు. అంటే నాయన గొంతు ఇంకా నాలో ఉన్నప్పుడు. రిజిస్ట్రారు కాగితంలోంచి తల ఎత్తకుండా, "ఈ భూమి నీ ఇష్టపూర్తిగానే అమ్ముతున్నావా?" అని అడిగాడు. తల ఊపాను. "ఊపితే కాదు, నోటితో చెప్పు" అన్నాడు. చెప్పాను. మా నాయన భూమిని మా నాయన గొంతే అమ్మింది. తూర్పున కాలవ, పడమట మా అన్న పోలయ్య చేను, ఉత్తరాన డొంక, దక్షిణాన గురవయ్య మడి. నడుమ ఉన్నది ఎకరా ముప్పై ఆరు సెంట్లు.